మెగ్నీషియం మాత్రలు – ఎంపిక, మోతాదు, జాగ్రత్తలు

రాత్రి పిక్కలు పట్టేస్తే ఒకరు, నిద్ర రాకపోతే ఒకరు, మలబద్ధకానికి మరొకరు మెగ్నీషియం మాత్రలు వాడుతున్న కాలమిది. అమెరికాలో ఉన్న కుమారుడో, కుమార్తెయో సెలవులకు వస్తూ తెచ్చిన సీసా ఒకటి చాలా ఇండ్లలో భోజనాల బల్ల మీద కనిపిస్తున్నది. మన మందుల దుకాణాలలో కూడా ఇవి వైద్యుని చీటీ లేకుండానే దొరుకుతున్నాయి. నా వద్దకు వచ్చే రోగులు తాము వాడే మందులన్నీ వరుసగా చెప్పి, వీటిని మాత్రం చెప్పరు. అడిగితే, "అది మందు కాదు కదండీ, బలానికి వేసుకునేది" అంటారు. చిక్కులు ఈ మాటతోనే మొదలవుతున్నాయి. కనుక ఈ లవణాన్ని గురించి గృహస్థులు తెలుసుకొనవలసిన సంగతులను ఈ వ్యాసంలో క్రమంగా వివరిస్తాను.

నేను గురుకుల పద్ధతిలో ఆయుర్వేదం అభ్యసించినవాడిని. మా గురువుగారు ఏ ఔషధాన్ని ఇవ్వబోయినా మాచేత ముందు నాలుగు ప్రశ్నలకు సమాధానం చెప్పించేవారు. ఎవరికి? ఏది? ఎంత? దేనితో? చరక సంహిత సూత్రస్థానంలో ఒక అధ్యాయానికి మాత్రాశితీయమని పేరు ఉన్నదంటే, పరిమాణానికి మన శాస్త్రం ఇచ్చిన ప్రాధాన్యం తెలుస్తుంది. మెగ్నీషియం ఆ గ్రంథాలలో చెప్పిన ద్రవ్యం కాదు. ఆంగ్ల శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ 1808లో దానిని లోహంగా వేరుచేశాడు. ఐనప్పటికీ ఆ నాలుగు ప్రశ్నలు దీనికి కూడా పూర్తిగా వర్తిస్తాయి.

శరీరంలో దీని పని

పెద్దవారి శరీరంలో సుమారు 25 గ్రాముల మెగ్నీషియం ఉంటుంది. అందులో సగానికి పైగా ఎముకలలోను, మిగిలినదానిలో చాలా భాగం కండరాలలోను, ఇతర మృదు ధాతువులలోను ఉంటుంది. రక్తంలోని ద్రవభాగంలో తిరిగేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. మూడు వందలకు పైగా ఎంజైములు పని చేయడానికి ఇది తోడ్పడుతుంది. కండరం బిగిసిన తరువాత తిరిగి సడలడానికి, నాడులు సక్రమంగా స్పందించడానికి, గుండె లయ తప్పకుండా ఉండడానికి, రక్తంలో చక్కెరను శరీరం వినియోగించుకొనడానికి ఇది అవసరం.

భారత వైద్య పరిశోధన మండలి 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం రోజుకు పురుషులకు 440, స్త్రీలకు 370 మిల్లీగ్రాముల మెగ్నీషియం కావలెను. ఇది మాత్ర మోతాదు అని భ్రమపడరాదు. రోజంతా మనం తినే ఆహారంతో కలిపి చెప్పిన లెక్క ఇది.

లోపం ఏర్పడినప్పుడు మొదట ఆకలి మందగించడం, వికారం, నీరసం కలుగుతాయి. లోపం ముదిరితే చేతివ్రేళ్ళలో, పాదాలలో తిమ్మిరి, చిమచిమలు, కండరాలు కొంకర్లు పోవడం, గుండె లయ తప్పడం, ఒక్కొక్కప్పుడు మూర్ఛలు కూడా రావచ్చును. ఇవన్నీ ఇతర కారణాల వల్ల కూడా వచ్చే లక్షణాలే. కనుక లక్షణాన్ని మాత్రమే చూచి లోపమని నిర్ణయించరాదు.

ఎవరికి అవసరం?

ఆరోగ్యవంతునికి, ధాన్యాలు, పప్పులు, ఆకుకూరలు తినేవానికి తీవ్రమైన మెగ్నీషియం లోపం సాధారణంగా రాదు. ఆహారంలో తక్కువైనప్పుడు మూత్రపిండాలు దానిని బయటకు పోనీయకుండా పొదుపు చేస్తాయి. లోపం వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నవారు వీరు:

1. దీర్ఘకాలంగా విరేచనాలతో, పేగుల వ్యాధులతో బాధపడేవారు.
2. అదుపు తప్పిన మధుమేహం కలవారు. అతిమూత్రం వెంట మెగ్నీషియం కూడా పోతుంది.
3. మద్యపానానికి అలవాటు పడినవారు.
4. రక్తపోటుకు, వాపులకు మూత్రం జారీ చేసే మాత్రలు కొన్నింటిని వాడేవారు.
5. ఆమ్లపిత్తానికి ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటి మాత్రలను సంవత్సరాల తరబడి వాడేవారు. వీటి దీర్ఘవాడకం వల్ల రక్తంలో మెగ్నీషియం తగ్గవచ్చునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లోనే హెచ్చరించింది.
6. ఆహారం తగ్గిపోయిన వృద్ధులు.

అరవై ఏండ్లు దాటిన ఒక విశ్రాంత ఉద్యోగి పిక్కల నొప్పికి తైలం ఇమ్మని నా వద్దకు వచ్చారు. చేతివ్రేళ్ళలో చిమచిమలు కూడా ఉన్నాయన్నారు. ప్రశ్నించగా, రక్తపోటుకు మూత్రం జారీ మాత్రను, కడుపు మంటకు పాంటోప్రజోల్‌ను నాలుగేండ్లుగా ప్రతిదినం వాడుతున్నట్లు తెలిసింది. తైలం ఇచ్చే ముందు రక్తపరీక్ష చేయించుకొని రమ్మన్నాను. మెగ్నీషియం, పొటాషియం రెండూ తక్కువగా ఉన్నాయి. ఆ కాగితంతో వారి వైద్యుని వద్దకే పంపాను. ఆయన మాత్రలు మార్చి, కొన్ని వారాలపాటు మెగ్నీషియం ఇచ్చారు. బాధ తగ్గింది. ఇటువంటివారికి మెగ్నీషియం నిజంగా ఔషధమే. అయితే కారణమైన మాత్రలను అలాగే ఉంచి మెగ్నీషియం మాత్రమే ఇచ్చి ఉంటే లోపం మరల మరల వచ్చేది.

రక్తపరీక్షలో సాధారణ పరిమాణం డెసిలీటరుకు సుమారు 1.7 నుండి 2.3 మిల్లీగ్రాములు. ప్రయోగశాలను బట్టి కొద్ది తేడా ఉంటుంది. శరీరంలోని మెగ్నీషియంలో అత్యల్ప భాగమే రక్తంలో ఉంటుంది కనుక, పరీక్ష సరిగా ఉన్నా లోపల కొరత ఉండవచ్చును. ఫలితాన్ని లక్షణాలతోను, వాడే మందులతోను కలిపి వైద్యుడు విచారించవలెను.

ఎవరు స్వయంగా వాడరాదు?

ఈ భాగాన్ని పాఠకులు ప్రత్యేకించి గమనింపగోరుతాను. మనం తీసుకున్న మెగ్నీషియంలో అధికమైనదానిని బయటకు పంపేవి మూత్రపిండాలు. అవి బలహీనపడితే, ఇతరులకు హాని చేయని మోతాదు కూడా శరీరంలో పేరుకొని విషమవుతుంది.

మధుమేహం ఉన్న ఒక వృద్ధురాలిని ఆమె భర్త నా వద్దకు తీసుకొని వచ్చారు. "వైద్యులుగారూ, నాలుగు రోజులుగా ఒకటే మగత. మెట్టు ఎక్కలేకపోతున్నది. నీరసానికి ఏదైనా లేహ్యం ఇవ్వండి" అన్నారు. నాడి మందంగా ఉన్నది. రక్తపోటు బాగా తక్కువగా ఉన్నది. ఇంట్లో ఉన్న మందులన్నీ తెప్పించి చూచాను. విదేశం నుండి వచ్చిన 500 మిల్లీగ్రాముల మెగ్నీషియం మాత్రలు రోజుకు రెండు. కడుపు మంటకు మెగ్నీషియం హైడ్రాక్సైడ్ కలిసిన తెల్లని ద్రావకం మూడు పూటలా. మలబద్ధకానికి రాత్రి మరొక ద్రావకం. అదీ మెగ్నీషియమే. మూడు సీసాల మీద మూడు పేర్లు ఉన్నందున, ఒకే పదార్థాన్ని మూడు దారులలో తీసుకుంటున్నట్లు ఆ దంపతులకు తెలియలేదు. ఆమెకు మూత్రపిండాలు కొంత దెబ్బతిన్నట్లు ఏడాది క్రితమే పరీక్షలో వచ్చి ఉన్నది. "అమ్మా, మీకు ఇప్పుడు లేహ్యం పనికిరాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి" అని పంపించాను. అక్కడి పరీక్షలో మెగ్నీషియం ప్రమాదకరమైన స్థాయిలో ఉన్నట్లు తేలింది. మూడింటినీ ఆపి చికిత్స చేయగా ఆమె కోలుకున్నారు. ఇంకొక రెండు రోజులు ఆలస్యమై ఉంటే శ్వాసకు, గుండెకు ముప్పు వచ్చేది.

మెగ్నీషియం అధికమైతే వికారం, ముఖం ఎర్రబారి వేడెక్కడం, మగత, కండరాల బలహీనత, రక్తపోటు పడిపోవడం, నాడి మందగించడం క్రమంగా కనిపిస్తాయి. ఇంకా పెరిగితే శ్వాస ఆగవచ్చును, గుండె ఆగవచ్చును. గర్భిణులకు వచ్చే గుర్రపువాతంలో మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ప్రాణం కాపాడే మందు. 2002లో ప్రకటితమైన మ్యాగ్‌పై అనే పెద్ద అంతర్జాతీయ పరిశోధన దాని విలువను మరింత స్థిరపరచింది. ఆ ఇంజెక్షన్ ప్రతి మోతాదుకు ముందు మోకాటి స్పందన, శ్వాసల సంఖ్య, మూత్ర పరిమాణం చూడనిదే ఇవ్వరు. ఆసుపత్రిలో అంత జాగ్రత్తతో ఇచ్చే మూలకాన్నే మనం ఇంట్లో మాత్రగా మింగుతున్నామని గుర్తుంచుకొనవలెను.

కనుక మూత్రపిండ వ్యాధి కలవారు, నాడి మరీ మందంగా ఉన్నవారు, గుండెలో విద్యుత్ ప్రసరణకు అడ్డంకి ఉన్నవారు, మయస్థీనియా గ్రావిస్ అనే కండరాల వ్యాధి కలవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు వైద్యుని అనుమతి లేనిదే ఈ మాత్రలు వాడరాదు. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు, అరవై దాటినవారు మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించుకొనడం ఉత్తమం.

ఏది ఎంచుకోవాలి?

మెగ్నీషియం ఒంటరిగా మాత్రలో ఉండదు. మరొక పదార్థంతో కలిసి లవణంగా ఉంటుంది. ఆ జంటను బట్టి అందులోని అసలు మెగ్నీషియం భాగం మారుతుంది. నూటికి సుమారుగా:

మెగ్నీషియం ఆక్సైడ్ – 60 వంతులు
మెగ్నీషియం హైడ్రాక్సైడ్ – 42 వంతులు
మెగ్నీషియం సిట్రేట్ – 16 వంతులు
మెగ్నీషియం గ్లైసినేట్ – 14 వంతులు
మెగ్నీషియం క్లోరైడ్ – 12 వంతులు
భేది ఉప్పు, అనగా మెగ్నీషియం సల్ఫేట్ – 10 వంతులు
మెగ్నీషియం థ్రియొనేట్ – 8 వంతులు

ఆక్సైడ్‌లో భాగం ఎక్కువే కాని, అది నీటిలో సరిగా కరగదు. పేగులు పీల్చుకొనేది తక్కువ. మిగిలినది పేగులలో నీటిని నిలిపి విరేచనం చేస్తుంది. అది చవుక కనుక అనేక మాత్రలలో అదే ఉంటుంది. సిట్రేట్, క్లోరైడ్ మేలుగా గ్రహింపబడతాయి. సిట్రేట్‌కు మలాన్ని మృదువు చేసే గుణం ఉన్నందున మలబద్ధకం కలవారికి అనుకూలం. గ్లైసినేట్ సాధారణంగా కడుపును అంతగా కదిలించదు. విరేచనాలు త్వరగా అయ్యేవారికి ఇది తగినది. థ్రియొనేట్ మెదడుకు మంచిదని ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. ఆ ధరకు తగిన నిరూపణ ఇంకా రాలేదు.

భేది ఉప్పును వేడినీటిలో వేసి పాదాలు నానబెట్టడం హాయినిస్తుంది. ఆ హాయి చాలావరకు వేడినీటిది. చర్మం ద్వారా చెప్పుకోదగినంత మెగ్నీషియం లోనికి వెళ్ళుతుందనడానికి గట్టి ఆధారం లేదు. మధుమేహం వల్ల పాదాలలో స్పర్శ తగ్గినవారు వేడినీటిలో కాళ్ళు పెట్టరాదు. కాలేయ శుద్ధి పేరిట భేది ఉప్పును చెంచాలకొద్దీ నీటిలో కలిపి త్రాగడం ప్రమాదకరం.

సీసా మీది కాగితాన్ని ఇలా చదువవలెను. "మెగ్నీషియం గ్లైసినేట్ 1000 మిల్లీగ్రాములు" అని ఉంటే, అది లవణం మొత్తం బరువు. అందులో అసలు మెగ్నీషియం సుమారు 140 మిల్లీగ్రాములే. కొన్ని సీసాలపై ఎలిమెంటల్ మెగ్నీషియం ఇంత అని వేరుగా వ్రాస్తారు. మనకు లెక్కకు కావలసినది ఆ సంఖ్య. తరువాత, ఆ సంఖ్య ఒక మాత్రకా, రెండు మాత్రలకా అన్నది చూడవలెను. "ఒక వాడకం అనగా రెండు మాత్రలు" అని చిన్న అక్షరాలలో ఉంటుంది. గ్లైసినేట్ అని పెద్ద అక్షరాలలో ఉండి, లోపలి వివరాలలో ఆక్సైడ్ కలిపినట్లు ఉండవచ్చును. మన దేశపు సరుకైతే ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల లైసెన్సు సంఖ్య, గడువు తేదీ చూడవలెను. అమెరికాలో ఇటువంటి మాత్రలను అమ్మకానికి ముందు ప్రభుత్వం పరీక్షించి ఆమోదించే పద్ధతి లేదు. కనుక విదేశీ సీసా అయినంత మాత్రాన శ్రేష్ఠమని అనుకొనరాదు. యు.ఎస్.పి. వంటి స్వతంత్ర పరీక్షా ముద్ర ఉంటే కొంత భరోసా.

ఎంత?

మాత్రల ద్వారా తీసుకునే అసలు మెగ్నీషియం రోజుకు 350 మిల్లీగ్రాములు దాటరాదని అమెరికా పోషకాహార నిపుణులు హద్దు విధించారు. ఐరోపా నిపుణులు 250 చాలన్నారు. ఈ హద్దులు ఆహారంలోని మెగ్నీషియానికి వర్తించవు. ఆరోగ్యవంతులకు ఆహారం వల్ల అది అధికమయ్యే భయం లేదు.

వైద్యుడు వాడమన్న మీదట, 100 మిల్లీగ్రాముల అసలు మెగ్నీషియంతో మొదలుపెట్టి, భోజనం తరువాత వేసుకొనడం మేలు. వారం గడిచి, విరేచనాలు కాకపోతే వైద్యుడు చెప్పినంతకు పెంచవచ్చును. మలం పలచబడితే మోతాదు ఎక్కువైనదని గ్రహించి తగ్గించవలెను. ఆమ్లపిత్త ద్రావకాలలో, విరేచన మందులలో ఉన్న మెగ్నీషియాన్ని కూడా ఈ లెక్కలో కలుపుకొనవలెను. ఆరు వారాలు గడిచినా గుణం కనిపించకపోతే కొనసాగించడంలో అర్థం లేదు.

దేనితో?

మెగ్నీషియం కొన్ని మందులను పేగులలోనే పట్టివేసి, రక్తంలోకి పోనీయదు. అందువల్ల జ్వరానికి వేసుకున్న మందు పని చేయక రోగం ముదరవచ్చును.

1. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్ససిన్, లెవోఫ్లాక్ససిన్ వంటి యాంటీబయాటిక్ మాత్రలను మెగ్నీషియానికి 2 గంటల ముందు గాని, 4 నుండి 6 గంటల తరువాత గాని వేసుకొనవలెను. ఆ ఐదారు రోజులు మెగ్నీషియం మానివేయడం ఇంకా సులభం.
2. థైరాయిడ్ మాత్రకు, దీనికి 4 గంటల ఎడం ఉండవలెను. ఉదయం పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు మెగ్నీషియాన్ని రాత్రి భోజనం తరువాత పెట్టుకొనవచ్చును.
3. ఎముకల బలానికి వాడే ఎలెండ్రోనేట్‌కు, ఇనుము మాత్రలకు కనీసం 2 గంటల ఎడం పాటించవలెను.
4. స్పైరోనోలాక్టోన్, అమిలోరైడ్ వంటి మాత్రలు మెగ్నీషియాన్ని శరీరంలో నిలుపుతాయి. వీటిని వాడేవారు వైద్యుని అడగనిదే మెగ్నీషియం ముట్టరాదు.

ఆహారమే మొదటి ఔషధం

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం, 100 గ్రాముల తెల్ల బియ్యంలో మెగ్నీషియం దాదాపు 19 మిల్లీగ్రాములు. దంపుడు బియ్యంలో దాదాపు 93. రాగులలో 146, జొన్నలలో 133, సజ్జలలో 124. తవుడు పోయేటప్పుడు ఎంత పోతున్నదో పాఠకులే చూడవచ్చును. మన పూర్వులు జొన్నరొట్టె, రాగి సంకటి తిన్న రోజులలో మాత్రల సీసా అవసరం లేకపోయింది.

ఒక రోజు లెక్క చూడండి. రాగి పిండి 60 గ్రాములతో జావ గాని, సంకటి గాని చేస్తే సుమారు 88 మిల్లీగ్రాములు. జొన్న పిండి 100 గ్రాములతో రొట్టెలు చేస్తే 133. పెసలు 50 గ్రాములైతే సుమారు 90. నువ్వుల పొడి 15 గ్రాములలో సుమారు 50. వేరుశనగ పప్పు 30 గ్రాములలో మరొక 50. మొత్తం 411. స్త్రీలకు చెప్పిన 370 దాటింది. దీనికి తోటకూరో, బచ్చలికూరో తోడైతే పురుషుల 440 కూడా సమీపిస్తుంది. గుమ్మడి గింజలను పారవేయక ఎండబెట్టి, వేయించి పప్పు తీసుకుంటే గుప్పెడు పప్పు, అనగా 30 గ్రాములలో, 150 మిల్లీగ్రాములకు పైగా లభిస్తుంది. ధాన్యాలను, పప్పులను నానబెట్టడం, మొలకెత్తించడం వల్ల వాటిలోని లవణాలు మరింత బాగా వంటబడతాయి. ఆకుకూర ఉడికించిన నీటిని పారబోయరాదు. మూత్రపిండ వ్యాధి కలవారు మాత్రం తమ ఆహార నియమాన్ని వైద్యుని అడిగి నిర్ణయించుకొనవలెను.

పిక్కల నొప్పి, నిద్రలేమి

పిక్కలు పట్టుకొనడాన్ని మన శాస్త్రం పిండికోద్వేష్టనమని, నిద్ర రాకపోవడాన్ని అస్వప్నమని పేర్కొని, రెండింటినీ వాత వికారాలలో చేర్చింది. ఈ రెండింటికే నేడు మెగ్నీషియం విరివిగా వాడుతున్నారు. కాని, పెద్దవారికి రాత్రివేళ వచ్చే పిక్కల నొప్పులను ఇది చెప్పుకోదగినంతగా నివారించకపోవచ్చునని కాక్రేన్ సమీక్షకులు 2012లోను, మరల 2020లోను తేల్చారు. నిద్రకు సంబంధించిన పరిశోధనలు చిన్నవి. లోపం ఉన్నవారికి మేలు చేయవచ్చును. లోపం లేనివారికి అంత ఫలం ఆశించరాదు.

నా అనుభవంలో ఉపకరించిన ఉపచారాలు ఇవి. పడుకొనే ముందు గోరువెచ్చని నువ్వుల నూనెతో పిక్కలను, అరికాళ్ళను పది నిమిషాలు మర్దన చేయవలెను. గోడకు ఎదురుగా నిలిచి, చేతులు గోడకు ఆనించి, ఒక కాలు వెనుకకు చాచి, మడమ నేలకు తగిలేటట్లు అర నిమిషం ఉంచి, రెండవ కాలితో కూడా అట్లే చేయవలెను. పట్టివేసినప్పుడు మోకాలు చాచి, కాలివ్రేళ్ళను తమవైపు లాగుకుంటే బిగువు విడుస్తుంది. పగలు తగినంత నీరు త్రాగవలెను. సాయంకాలం తరువాత కాఫీ, టీలు మానవలెను. ఒకే కాలు వాచి, ఎర్రబడి, నొప్పి నిలిచి ఉంటే రక్తం గడ్డకట్టి ఉండవచ్చును. అటువంటి కాలిని మర్దన చేయక వెంటనే వైద్యునికి చూపవలెను.

చివరగా గృహస్థులకు నా మనవి ఒకటే. ఇంట్లో ఉన్న సీసాలను, ద్రావకాలను, మాత్రలను ఒకచోట చేర్చి, ఎవరు ఏది, ఎంత, ఏ వేళ వాడుతున్నారో ఒక కాగితంపై వ్రాయండి. మెగ్నీషియం అన్న మాట ఎన్ని సీసాల మీద ఉన్నదో గుర్తు పెట్టండి. ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా ఆ కాగితాన్ని ముందుగా చూపండి. బలానికి వేసుకునేవాటిని కూడా అందులో తప్పక వ్రాయండి.